ఫాదర్ ఊరికి పోదామా?

పోయిన నెల మన సమావేశం ముగిసి అందరూ చెప్పులు వెదుక్కుంటున్న సమయంలో ఒక మిత్రులు నన్ను నిలదీశారు. "డాక్టరు గారూ, బార్సిలోనా వెళ్ళిపోతున్నారటగా! మాకు మాటమాత్రమైనా చెప్పలేదే?" అన్నారు. "ఇంకా ఏదీ తేలలేదండీ" అని నవ్వి తప్పించుకొన్నాను. ఇంటికి వచ్చాక ఆ జవాబు నాకే నచ్చలేదు. ఎందుకు తేలలేదో చెప్పలేనివాడు, తేలిన తరువాత మాత్రం ఏం చెప్పగలడు? అందుకే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. పాఠక మిత్రులు దీన్ని ప్రయాణ సలహాగా తీసుకోవద్దు. ఒక ఇంటి తగవును పదిమంది ముందు పెడుతున్నానని అనుకోండి.

ఉమ్మ్ అల్ హస్సామ్‌లో మా ఇల్లు నాలుగో అంతస్తు. కింద కోల్డ్ స్టోరు, పక్క సందులో రొట్టెల కొట్టు. ఏడేళ్ళుగా ఇదే చిరునామా. నిరుడు వేసవిలో సెలవు దొరికితే, ఎప్పటిలా ధర్మవరం పోకుండా, పది రోజులు బార్సిలోనా చూసి వచ్చాం. అక్కడే చిక్కు మొదలైంది. రాత్రి పది గంటలకు పిల్లలు వీధిలో బంతి ఆడుతుంటే, ముసలివాళ్ళు బెంచీల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. మా పాప వాళ్ళలో కలిసిపోయి, భాష రాకుండానే గంటసేపు ఆడింది. తిరిగి వచ్చిన మర్నాడు మా ఆవిడ అన్నది: "ఏమండీ, మనం అక్కడ ఎందుకు వుండకూడదు?"

నిజమే, ఎందుకు వుండకూడదు? ముందు లాభాల పద్దు చూద్దాం.

మొదటిది ఆరోగ్యం. నా వృత్తి కనుక అదే ముందు గుర్తుకు వస్తుంది. ఆలివ్ నూనె, గింజలు, కూరగాయలు, చేపలు గల మధ్యధరా భోజనం గుండెకు మేలు చేస్తుందా అని స్పెయిన్‌లో సుమారు 7,400 మంది మీద జరిపిన 'ప్రెడిమెడ్' పరిశోధన 2013లో వెలువడింది. అందులో కొన్ని కేంద్రాలలో జనాన్ని గుంపులుగా విడదీసిన పద్ధతిలో లోపాలు బయటపడి, రచయితలు దాన్ని ఉపసంహరించుకొని 2018లో సరిదిద్ది మళ్ళీ ప్రచురించారు. ఫలితం మాత్రం ఇంచుమించు అలాగే నిలిచింది. అక్కడివాళ్ళ సగటు ఆయుర్దాయం ఎనభై మూడేళ్ళ పైమాటే. అయితే ఒక్క సంగతి. ఆలివ్ నూనె మా కింద కోల్డ్ స్టోరులో కూడా దొరుకుతుంది. అది కొనకుండా బిర్యానీ తెప్పించుకొనేది నేనే. నా బద్ధకాన్ని వదిలించుకోవడానికి ఖండం మారాలా?

రెండోది స్థిరత్వం. ఇది నిజంగా బరువైన కారణం. బహ్రెయిన్ మనల్ని ఆదరించిన దేశం. మన రూపాయికి ఇక్కడ చాలాకాలం చెలామణీ వుండేది. 1965లో దీనారు వచ్చింది. జీతం మీద ఆదాయపు పన్ను లేదు. కాని మనలో చాలామంది నివాసం ఉద్యోగానికి కట్టిన దూడ వంటిది. గుంజ కదిలితే దూడా కదలాలి. 2022లో గోల్డెన్ రెసిడెన్సీ వచ్చింది గాని, ఉద్యోగులకు ఐదేళ్ళ నివాసంతో పాటు నెలకు సగటున 2,000 దీనార్ల మూలవేతనం వుండాలన్నారు. ఆ మెట్టు మా ఇంటికి ఇంకా అందలేదు. స్పెయిన్‌లో ఐదేళ్ళు చట్టబద్ధంగా వుంటే దీర్ఘకాల నివాసం అడగవచ్చు, పదేళ్ళకు పౌరసత్వం అడగవచ్చు. పౌరసత్వం పుచ్చుకొంటే మన పాస్‌పోర్టు వదులుకోవాలి, అది వేరే బాధ. అయినా ఎనిమిదేళ్ళ మా పాప ముందు ముందు ఏ దేశాన్ని తనదనుకోవాలి అన్న ప్రశ్నకు అక్కడ ఒక దారి కనిపిస్తుంది.

ఇక నష్టాల పద్దు. కర్నూలులో చదివిన నా డిగ్రీని అక్కడి ప్రభుత్వం గుర్తించాలి. దానికి కాలం పడుతుంది, నెలలతో తేలే పని కాదు. ఆ తరువాత స్పెషాలిటీకి మళ్ళీ వేరే తంతు. భాషలు రెండు, స్పానిష్, కతలాన్. పన్ను జీతంతో పాటు మెట్లెక్కి, పైమెట్టు మీద సగం దాకా పోతుంది. అద్దెల వల్ల అక్కడివాళ్ళే వేగిపోతున్నారు. 2024 జులైలో కొందరు ఊరేగింపు తీసి, పర్యాటకుల మీద నీళ్ళ తుపాకులు చిమ్మారు. పర్యాటకులకు ఇచ్చే పదివేల పైచిలుకు ఫ్లాట్ల అనుమతులను 2028 నవంబరు తరువాత పొడిగించబోమని ఆ ఊరి మేయరు ప్రకటించారు. నీటి కరువూ చూశారు. మూడేళ్ళు వానలు సరిగా లేక 2024 ఫిబ్రవరిలో బార్సిలోనా ప్రాంతంలో అత్యవసర పరిస్థితి విధించారు. ఆ వార్త చదివినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, దిగులూ వేసింది. మా అనంతపురం వాళ్ళకు సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన. బార్సిలోనాకు దానికన్నా కొంచెమే ఎక్కువ. సముద్రం పక్కన వుండడం వల్ల ఆ ఊరు పచ్చగా కనిపిస్తుంది, అంతే. దూరపు కొండలు నునుపు అని మనవాళ్ళు వూరికే అనలేదు.

ఇవన్నీ కాగితం మీద రెండు వరుసల్లో రాసి కూడితే తేలిపోయే లెక్కలు. మా ఆవిడ లెక్కల టీచరు, తానే కూడి చూపించింది. లాభమే ఎక్కువ వచ్చింది. అయినా నా మనసు ఒప్పుకోలేదు. ఎందుకని అడిగితే, మా అవ్వ సంగతి చెప్పాను.

నేను మెడిసిన్ చదివే రోజుల్లో మా అవ్వకు జబ్బు చేస్తే బత్తలపల్లి ఆసుపత్రిలో చేర్చాం. ధర్మవరం పక్కనే వుంటుంది. అప్పుడు అనంతపురం జిల్లా, 2022లో జిల్లాలు చీలాక శ్రీ సత్యసాయి జిల్లా అయింది. ఆ ఆసుపత్రిని నడిపే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును స్థాపించింది విన్సెంట్ ఫెర్రర్. ఆయన పుట్టింది 1920లో, బార్సిలోనాలో. జెస్యూట్ సన్యాసిగా 1952లో బొంబాయి వచ్చి, మన్మాడ్ రైతుల మధ్య పని చేశారు. 1968లో దేశం విడిచి పొమ్మన్నారు. జనం ఆందోళన చేశారు, ఇందిరా గాంధీ జోక్యంతో తిరిగి వచ్చారు. ఈసారి 1969లో మా కరువు జిల్లాకు చేరారు. ఆ మరుసటి ఏడు సన్యాసం వదిలి పెళ్ళి చేసుకొన్నా మా వైపు జనానికి ఆయన చివరిదాకా 'ఫాదరే'. 2009లో అనంతపురంలోనే కన్నుమూశారు. సమాధి బత్తలపల్లిలో వున్నది.

మంచం మీద పడుకొని మా అవ్వ అడిగింది: "ఏం అబ్బీ, ఆయప్ప ఊర్లో రోగమొచ్చినోళ్ళు లేరా, ఈడిదాంక వచ్చినాడు?"

"వుంటారవ్వా. ఆడ డాక్టర్లు కూడా వుంటారు" అన్నాను.

"సరే. మరి నువ్వు చదివినాక యాడికి పోతావు?"

నేనేమీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పవలసి వస్తే జవాబు ఇది: ఆయన ఊరికి పోదామనుకుంటున్నానవ్వా.

ఇంతవరకు విని మా ఆవిడ ఊరుకోలేదు. "కర్నూలులో చదివి మనామాకు వచ్చిననాడు లేని ధర్మసందేహం ఇవాళ ఎక్కడినుంచి ఊడిపడింది? ఇక్కడికి దీనార్ల కోసమే కదా వచ్చాం? ఇల్లు దాటినవాడికి నాలుగు గంటల ప్రయాణమైతే పాపం లేదు, పది గంటలైతే పాపమా? ఆ మహానుభావుణ్ణి అడ్డం పెట్టుకొని మీరు భయపడుతున్నారు" అన్నది. ఈ మాట తగలవలసిన చోటే తగిలింది. ప్రజల డబ్బుతో నడిచే కళాశాలలో సీటు పుచ్చుకొని బయటికి వచ్చిననాడే నేను బాకీ పడ్డాను. వైద్యులు తక్కువగా వున్న దేశాలనుంచి వాళ్ళను లాగేయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఒక నియమావళి ఆమోదించింది. అది ప్రభుత్వాలకు చెప్పిన మాట. వెళ్ళే మనిషికి అలాంటిది ఎవరూ రాసి ఇవ్వరు, వాడే రాసుకోవాలి. బహ్రెయిన్‌లో వుంటే పుణ్యాత్ముణ్ణి, స్పెయిన్ పోతే ద్రోహిని అనడం దొంగ లెక్క.

ఆమె ఇంకొకటి కూడా అన్నది. మా అవ్వకు వైద్యం చేసిన ఆసుపత్రికి డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? చాలావరకు స్పెయిన్‌లోని మామూలు సంసారుల చందాలనుంచి. మా జిల్లా పిల్లలను ఒక్కొక్కరిని ఒక్కొక్క కుటుంబం దత్తు తీసుకొన్నట్టుగా నెలనెలా పంపిన డబ్బు అది. అక్కడా ముసలివాళ్ళ సంఖ్య పెరుగుతున్నది, వాళ్ళకూ వైద్యులు కావాలి. మరి ఆ ఋణం ఋణం కాదా?

అందుచేత నాకు నేను మూడు ప్రశ్నలు వేసుకొన్నాను. ఊరు మారదలచినవాళ్ళు ఎవరైనా వేసుకోవచ్చు.

ఒకటి: నేను అక్కడికి పోయినట్టు మా బంధువులలో ఎవరికీ తెలియదనుకొందాం. అప్పుడూ పోతానా? సిగ్గు విడిచి చెబుతున్నాను, ఉత్సాహంలో పాతిక వంతు అక్కడే తరిగిపోయింది.

రెండు: అక్కడ మొదటి ఐదేళ్ళు నేను ఎవరికి పనికి వస్తాను? ఇక్కడ నా దగ్గరికి నిజామాబాదు, కరీంనగర్ మేస్త్రీలు వస్తారు, కడప, గోదావరి జిల్లాలనుంచి ఇళ్ళల్లో పనికి వచ్చిన ఆడవాళ్ళు వస్తారు. "సార్, గుండెలో పోటు" అంటే ఒక సంగతి, "మంట" అంటే ఇంకొకటి. సలుపు వేరు, తీపు వేరు, గుంజడం వేరు. ఒకసారి ఒకామె మూడు చోట్ల తిరిగి వచ్చింది. ప్రతిచోటా 'పెయిన్' అని రాసి మాత్రలు ఇచ్చారు. నా ముందు కూర్చుని "నొప్పి కాదయ్యా, ఎవరో లోపల కూర్చుని పిండుతున్నట్టుంది, ఎడమ చెయ్యంతా లాగుతుంది" అన్నది. వెంటనే ఈసీజీ తీయించి పెద్దాసుపత్రికి పంపాను. ఆమె బతికింది నా తెలివివల్ల కాదు, ఆమె మాట నాకు తెలిసినందువల్ల. అక్కడ డిగ్రీ గుర్తింపు వచ్చేదాకా నేను వైద్యుణ్ణే కాను. వచ్చాక కూడా రోగి నోట్లోని బాధ నాకు అర్థం కావడానికి ఏళ్ళు పడుతుంది.

మూడు: నా నిర్ణయం ఖరీదు ఎవరు చెల్లిస్తారు? పోతే మా నాయన చెల్లిస్తాడు. ఆయనకు రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. ఇక్కడినుంచి అయితే రాత్రి ఫోను వస్తే బెంగుళూరు మీదుగా మర్నాటికి ధర్మవరంలో వుండగలను. పోకపోతే మా ఆవిడ, పాప చెల్లిస్తారు. 'త్యాగం' అనే మాట వాడుతూ ఆ ఖరీదును వాళ్ళ మీద వేయడం నాకు తగదు. ఇంట్లో ఒకడు ధర్మాత్ముడు కావడానికి మిగతావాళ్ళు బిల్లు కట్టడం మన సంసారాల్లో చాలాకాలంగా జరుగుతున్నదే.

ఫాదర్ జీవితం నాకు కొరడా కాదు. అందరూ ఆయనలా వుండాలంటే లోకం నడవదు. నేను నేర్చుకొన్నది ఇంతే: కొత్త ఊరికి పోయేవాడు ఆ ఊరు తనకేమిస్తుందో లెక్కవేసినంత శ్రద్ధగా, తన చేతిలో ఏముందో కూడా చూసుకోవాలి. వట్టి చేతులతో పోతే సముద్రం ఒడ్డున ఇంకొక అద్దెదారుణ్ణి మాత్రమే అవుతాను. నీళ్ళ తుపాకీ పట్టినవాడి కోపంలో న్యాయం వుంటుంది.

చివరికి మా ఇంట కుదిరిన ఒప్పందం ఇది. ఇక్కడి కాంట్రాక్టు రెండేళ్ళు పొడిగించాను. డిగ్రీ కాగితాలు మాత్రం ఇప్పుడే పంపుతున్నాం. ఈలోగా ఇద్దరం భాష నేర్చుకోవాలి. ఏటా నెల సెలవూ నాయన దగ్గరే. రెండేళ్ళకు అక్కడి రోగితో మాట్లాడగలిగితే, నాయనకు ఏర్పాటు కుదిరితే, అప్పుడు పోతాం. లేకపోతే లేదు. "రెండేళ్ళంటే రెండేళ్ళే, తరువాత మళ్ళీ అవ్వ కథ చెప్పకూడదు" అని మా ఆవిడ షరతు. ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు, నాకూ పూర్తి తృప్తి లేదు. ఇద్దరికీ సమానంగా అసంతృప్తి మిగిలింది కనుక తీర్పు న్యాయంగానే వుందేమో. మీలో ఎవరికైనా ఇది తప్పనిపిస్తే వచ్చే సంచికకు తప్పక రాయండి.

రాత్రి పాప పడుకొన్నాక స్పానిష్ పుస్తకం తీస్తున్నాం. నిన్న 'పున్‌థాదా' అనే మాట దగ్గర ఆగాను. సూదితో పొడిచినట్టు వచ్చే నొప్పి అట. మన పోటు. పుస్తకం అంచున తెలుగులో రాసుకొన్నాను. తీపుకు సరైన మాట ఇంకా దొరకలేదు.