తాతకు ఏ కాలం?

సిరిసిల్ల పిల్ల ఇంగ్లిష్ నోటుబుక్కులో ‘మై గ్రాండ్‌ఫాదర్ ఈజ్ ఎ వీవర్’ అని రాసింది. తాత పోయి ఏడాదైందని నాకు తెలుసు. ‘ఈజ్’ కొట్టేసి ఎర్రసిరాతో ‘వాజ్’ రాసిన. “మరి ఆయన నాకిప్పుడు తాత కాడా సార్?” అన్నది. నా కలం ఆగిపోయింది.

తెలుగులో ఈ చిక్కే లేదు. ‘ఆయన మా తాత’ అంటే చాలు, క్రియ అక్కర్లేదు. ఇంగ్లిష్ మాత్రం ఉన్నాడో లేడో తేల్చందే వాక్యాన్ని కదలనియ్యదు. కఠోపనిషత్తులో నచికేతుడు యముణ్ణి పట్టుబట్టి అడిగిందీ అదే: పోయినవాడు ఉన్నట్టా, లేనట్టా?

ధర్మపురిలో నరసింహస్వామి సన్నిధిలోనే యముడికీ గుడి ఉంది. అక్కడి గోదావరి ఒడ్డున నాన్నకు పిండం పెట్టిననాడు మూడు తరాల పేర్లు చెప్పి పిలిచిన. లేనివాళ్లను ఎవరైనా పిలుస్తారా?

మగ్గం ఆగింది, అక్కడ ‘వాజ్’ సరైనదే. చుట్టరికం ఆగలేదు. కొట్టివేత అట్లనే ఉంచి, కింద ఇంకో వాక్యం రాయించిన: ‘హీ ఈజ్ మై గ్రాండ్‌ఫాదర్’.