రేపు కూడా ఉండే మనిషి

ఇచ్ఛాపురం,
కార్తీక మాసం, రెండో సోమవారం

చిట్టితల్లీ,

మొన్న రాత్రి నువ్వు ఫోన్లో ఏడ్చి పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో ఓదార్చడం నాకు చేతకాదు. ముప్పై నాలుగేళ్ళు బోర్డు మీద రాసిన చెయ్యి కదా, రాస్తేనే మాట తిన్నగా నడుస్తుంది. పిల్లలు పడుకున్నాక చదువుకో.

నువ్వన్న మాటలు రెండు ఇంకా చెవిలోనే ఉన్నాయి. “అక్కలాగా నేను చెయ్యలేకపోతున్నాను పెద్దమ్మా” అన్నది ఒకటి. “ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ నన్ను దేవత అంటున్నారు, వింటుంటే భయమేస్తోంది” అన్నది రెండోది. ఆ రెండో మాటతోనే నీ మీద నాకు నమ్మకం కుదిరింది. దేవత అనగానే పొంగిపోయే పిల్లవైతే ఈపాటికి నేనే మీ పాడేరుకు బస్సెక్కి ఉండేదాన్ని.

నీకు ఇరవై నాలుగు. అక్క పిల్లల్లో పాపకు ఏడు, బాబుకు నాలుగు. అక్కాబావా పోయి ఇంకా మూడు నెలలు నిండలేదు. సరిగ్గా నీ వయసులోనే, నీలాగే అక్క చేతిలో సగంలో ఆగిన పనిని అందుకున్న ఒకావిడ ఉంది. ఆవిడ చేతికొచ్చిన పిల్లలు వందల మంది. ఆ కథ నాకెలా తెలిసిందో ముందు చెబుతాను.

మన బస్టాండు పక్కన చలికాలంలో గోడ పొడుగునా స్వెటర్లు వేలాడదీసి అమ్మేవాళ్ళు గుర్తున్నారా? చిన్నప్పుడు నువ్వు వాళ్ళను నేపాలీలు అనేదానివి. వాళ్ళు టిబెట్ వాళ్ళమ్మా. బరంపురం మీదుగా కొండలెక్కితే చంద్రగిరి వస్తుంది. 1963లో అక్కడ టిబెట్ శరణార్థులకు భూములిచ్చి ఊళ్ళు కట్టించారు. మొక్కజొన్న వేసుకుంటారు, చలి మొదలవగానే ఉన్ని బట్టల మూటలతో ఊళ్ళ మీద పడతారు. వాళ్ళలో నా ఈడు మనిషి ఒకావిడ పన్నెండేళ్ళుగా నాకు స్నేహం. ఒడియా గడగడా మాట్లాడుతుంది, తెలుగు బేరానికి సరిపడా వచ్చు. ఒకసారి మాటల్లో “మీ అమ్మ ఉందా?” అని అడిగితే రెండు వేళ్ళు చూపించింది. కన్నతల్లి రోడ్డు పనిలో ఉండగా జబ్బు చేసి పోయిందట. రెండో అమ్మ ధర్మశాల అనే ఊళ్ళో ఉండేదట. ఆవిడను ‘ఆమా-లా’ అంటుంది. అమ్మగారు అని మనం అన్నట్టే. ఆ రెండు వేళ్ళు చూశాకే నేను ఆ ధర్మశాల సంగతి వెతికి వెతికి చదివాను.

1959 మార్చిలో దలైలామా లాసా విడిచి వచ్చాడు. ఆయన వెనక దాదాపు 80 వేల మంది హిమాలయాలు దాటి మన దేశానికి వచ్చారు. చలికి, ఎత్తుకు అలవాటు పడ్డ ఒళ్ళు కింది వేడికి తట్టుకోలేకపోయాయి. బతుకుతెరువుకని ప్రభుత్వం చూపించింది కొండల్లో రోడ్లు వేసే పని. జమ్మూ, కులూ, చంబా, సిక్కిం అంతటా తల్లులూ తండ్రులూ రాళ్ళు కొడుతుంటే పిల్లలు ఆ రోడ్డు పక్కనే గుడారాల్లో. విరేచనాలు, క్షయ, ఒళ్ళంతా గజ్జి. కొండచరియ విరిగిపడితే ఒక్కరోజులో ఇల్లు ఇల్లంతా పోయేది.

1960 మే 17న జమ్మూ రోడ్డు శిబిరాల నుంచి 51 మంది పిల్లలను ధర్మశాలకు తెచ్చారు. చిక్కి శల్యమై ఉన్నారు. వాళ్ళను నేను చూసుకుంటాను అని ముందుకొచ్చినావిడ దలైలామా పెద్దక్క, త్సెరింగ్ డోల్మా. మొదట్లో ఆ పిల్లలను దలైలామా పరివారంలోని వాళ్ళకు అప్పగించారు. తర్వాత మన ప్రభుత్వం ఒక బంగళా అద్దెకు తీసుకుని అందరినీ ఒకచోట చేర్చింది.

ఈ త్సెరింగ్ డోల్మా ఎలాంటిదో తెలియాలంటే దలైలామా తన ఆత్మకథలో చెప్పుకున్న ఒక ముచ్చట చాలు. ఆయన పుట్టినప్పుడు మంత్రసాని పని చేసింది ఈ అక్కే. బిడ్డకు ఒక కన్ను సరిగ్గా తెరుచుకోలేదు. ఎవరినీ అడగలేదు, ఆలోచించలేదు, బొటనవేలితో రెప్ప పట్టుకుని పైకి లాగేసింది. కన్నుకేమీ కాలేదులే. కానీ ఆ చెయ్యి చూడు! వాళ్ళమ్మకు పదహారు కాన్పులైతే బతికింది ఏడుగురే. అలాంటి ఇంట్లో పెద్దకూతురంటే పుట్టుకతోనే చిన్న తల్లి. మా అమ్మమ్మ ఇంట్లో మీ అమ్మమ్మా అంతే.

51 మందికి తీసుకున్న చోటు వందలమందితో నిండిపోయింది. డెర్వ్లా మర్ఫీ అని ఐర్లండు అమ్మాయి, తమ దేశం నుంచి సైకిలు తొక్కుకుంటూ మన దేశం వచ్చి, 1963లో ఆ పిల్లల దగ్గర పనిచేసి, దాని మీద పుస్తకమే రాసింది. ఆ మరుసటి ఏడే, 1964లో, త్సెరింగ్ డోల్మా చనిపోయింది.

అప్పుడు వచ్చింది చెల్లెలు జెత్సున్ పెమా. పుట్టింది 1940లో. కలింపాంగ్, డార్జిలింగ్ కాన్వెంట్లలో చదివింది, పైచదువులకు స్విట్జర్లాండు, ఇంగ్లండు వెళ్ళి 1964లోనే తిరిగొచ్చింది. అక్క పోయింది, పిల్లలు మాత్రం అక్కడే ఉన్నారు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల ఆ బాధ్యత నెత్తినెత్తుకుంది. 2006లో దించింది. నలభై రెండేళ్ళు.

ఆ నలభై రెండేళ్ళు ఎలా సాధ్యమయ్యాయా అన్నదే నేను ఎక్కువగా ఆలోచించాను. త్యాగం వల్ల అని అందరూ అంటారు. నేననను. ఒళ్ళు కాల్చుకునే త్యాగం రెండేళ్ళు నడుస్తుంది, మూడో ఏడు మంచానికి తెస్తుంది. ఆవిడ చేసిన తెలివైన పని, ఈ పిల్లలందరికీ నేనొక్కదాన్నే తల్లినవుతాను అనుకోకపోవడం. అప్పటిదాకా ఎనిమిదో ఏడు రాగానే పిల్లలను ప్రభుత్వం పెట్టిన హాస్టలు బడులకు పంపేవారు. అంటే పిల్లకు మళ్ళీ ఒక విడిపోవడమన్నమాట. పోనుపోను ఆ బడుల్లోనూ చోటు లేకుండా పోయింది. ఆస్ట్రియాలో, అక్కడా కొండల మధ్యనే, హెర్మన్ గ్మైనర్ అనే ఆయన 1949లో ఇమ్స్ట్ అనే ఊళ్ళో ఒక పద్ధతి మొదలుపెట్టి ఉన్నాడు. పెద్ద హాలు, వరసగా మంచాలు ఉండవు. చిన్న ఇల్లు, ఆ ఇంటికొక తల్లి, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ. ధర్మశాలలో పైకొండ మీద అలాగే ఇళ్ళు లేచాయి. 1972కల్లా దాని పేరే ‘టిబెటన్ చిల్డ్రన్స్ విలేజ్’ అయింది. పిల్లల ఊరు. మన దగ్గరైతే గేటు మీదే ‘అనాథ’ అని రాసి రంగులు వేస్తాం, ఆ గేటులోంచే ఆ పిల్ల రోజూ బడికి వెళ్ళాలి.

ఆ ఇళ్ళలో ఆస్ట్రియాలోలాగా ఎనిమిదీ తొమ్మిదీ కాదు, ఒక్కో ఇంటికి పాతిక, ముప్పై మంది. డబ్బు చాలక. కానీ ప్రతి ఇంటికీ ఒక ఆమా-లా. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ ముఖాలు కడుగుతారు. నా స్వెటర్ల స్నేహితురాలు చెప్పింది, ఏడేళ్ళ వయసులో తను చూసుకోవాల్సిన బుడ్డోడు ఒకడుండేవాడట, రోజూ వాడికి బూట్లు తొడగడమే తన పని. “వాడికి ఎడమా కుడీ తెలిసేదాకా నాకు ఏడవడానికి తీరిక లేదు” అని నవ్వింది. మీ పాపకు తమ్ముడి పని ఏదో ఒకటి అప్పగించు తల్లీ. చిన్న పనే, తల దువ్వడమో, నీళ్ళ సీసా నింపడమో. అంతకంటే ఎక్కువ మాత్రం వద్దు, ఏడేళ్ళ పిల్ల అమ్మ అయిపోకూడదు.

ఇక నీ మొదటి మాట. అక్కలాగా చెయ్యలేకపోతున్నానన్నావు. చెయ్యకు. అక్క చేసే పులిహోర నీకు రాదు, అక్క పాడే జోల నీకు రాదు. నువ్వు పిన్నివి, పిన్నిగానే ఉండు. అమ్మ అని పిలిపించుకోవాలని ఎప్పుడూ చూడకు. వాళ్ళంతట వాళ్ళు పిలిస్తే పలుకు. పిల్లవాడికి అక్కరకొచ్చేది రేపు పొద్దున లేచేసరికి కూడా అదే చోట కనిపించే మనిషి. అదే గిన్నెలో అదే టైముకు పాలిచ్చే మనిషి. అందుకని నీ ఒళ్ళు నువ్వు చూసుకోవడం స్వార్థం కాదు, ఆ పిల్లలకిచ్చే మాట. పక్కింటావిడ సాయంత్రాలు చూస్తానందట కదా, మొహమాటపడకుండా వదిలి వెళ్ళు. సచివాలయం ఉద్యోగం మానేస్తానని ఇంకోసారి అనకు. బావ ఇన్సూరెన్సు డబ్బు పిల్లల పేరన వెయ్యి, మీ నాన్న అడిగినా కదపకు. నేను చెప్పానని చెప్పు, తిట్లు నాకే పడనీ. పెళ్ళి సంగతి కూడా చెబుతున్నాను. వీళ్ళకోసం మానేశానని వీళ్ళ నెత్తిన రాయకు. పెమా పెళ్ళి చేసుకుంది, పిల్లల్నీ కన్నది, కొండ మీద ఇళ్ళూ నడిపింది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఇది రాయడానికే అసలు ఈ ఉత్తరం మొదలుపెట్టాను, ఇంత దూరం వచ్చాక గానీ కలం కదల్లేదు.

మీ దుబాయ్ అన్నయ్య నా కడుపున పుట్టినవాడు కాదని నీకు తెలుసు. మా మరిది కొడుకు. వాడికి అయిదేళ్ళప్పుడు వాళ్ళమ్మ విశాఖపట్నంలో ఆసుపత్రిలో పోయింది. మరిది అప్పటికే లేడు. వాడిని తెచ్చుకున్న రోజు “అమ్మేదీ” అన్నాడు. నోరు రాక “విశాఖపట్నంలో ఉంది నాన్నా, వచ్చేస్తుంది” అన్నాను. సాయంత్రం ఆరింటికి విశాఖ బస్సు మన వీధి మొదట్లో ఆగేది. ఆరు కాకముందే వాడు అరుగు మీద కూర్చునేవాడు. దిగినవాళ్ళను ఒక్కొక్కరినే లెక్కపెట్టేవాడు, బస్సు కదిలాక లోపలికొచ్చి “రేపొస్తుంది” అని వాడే నాకు చెప్పేవాడు. నాలుగు నెలలు. నేను రోజూ వంటింట్లో నిలబడి విన్నాను, బయటికి రాలేదు.

చివరికి బడిలో ఎవడో చెప్పాడు. ఇంటికొచ్చి నన్నేమీ అడగలేదు. కంచం తెచ్చుకుని తిన్నాడు. ఆ సాయంత్రం నుంచి అరుగు మీద కూర్చోలేదు. కానీ ఆ తర్వాత చాలా ఏళ్ళు, “పెద్దమ్మా, వాన పడుతుందా?” అని అడిగేవాడు. “పడదురా” అంటే తలూపి, గొడుగు తీసుకుని వెళ్ళేవాడు.

అందుకే చెబుతున్నాను. బాబు “అమ్మ ఎప్పుడొస్తుంది” అని అడుగుతున్నాడన్నావు, ఊరెళ్ళిందని చెబుతున్నానన్నావు. ఆ ఊరి మాట ఈ రాత్రితో ఆపెయ్యి. చనిపోయింది అనే మాటే చెప్పు. నాలుగేళ్ళవాడికి ఒక్కసారికి ఎక్కదు, వారానికోసారి మళ్ళీ అడుగుతాడు, ప్రతిసారీ అదే చెప్పు. ఏడిస్తే పక్కన కూర్చో. అక్క ఫొటో బీరువాలోంచి తీసి వాడికి అందే ఎత్తులో పెట్టు. నేనైతే వాళ్ళమ్మ చీరలన్నీ ట్రంకుపెట్టె అడుగున దాచాను, చూస్తే బెంగపడతాడని. వాడికి ఇరవయ్యేళ్ళప్పుడు ఒక చీర దొరికింది. ఆ రోజు నాతో మాట్లాడలేదు.

ధర్మశాల వాళ్ళకు ఇంకా కష్టమైన సంగతి ఒకటుంది. తర్వాతి రోజుల్లో టిబెట్ నుంచి తల్లిదండ్రులే పిల్లలను దారి చూపేవాళ్ళ వెంట మంచు కనుమలు దాటించి పంపేవారు, చదువుకోసమని. తల్లి బతికే ఉంది, కానీ వస్తుందని ఎవరూ చెప్పలేరు. అలాంటి పిల్లకు ఆ ఆమా-లాలు ఏం చెప్పి ఉంటారు? నేను నా స్నేహితురాలిని అడిగాను. “తిన్నావా అని అడిగేవారు” అంది.

కృతజ్ఞత సంగతి రాద్దామనుకున్నాను గానీ రాయను. వస్తే వస్తుంది. మీ అన్నయ్య ప్రతి ఆదివారం దుబాయ్ నుంచి ఫోను చేస్తాడు, పది నిమిషాలు మాట్లాడతాడు, అందులో ఎనిమిది నిమిషాలు వాళ్ళ ఊరి ఎండ గురించే. నాకది చాలు.

వచ్చే శనివారం బయల్దేరి వస్తున్నాను, వారం ఉంటాను. ఆ వారం నువ్వు రాత్రిళ్ళు పడుకో, బాబు నా దగ్గర పడుకుంటాడు. స్వెటర్లావిడ నిన్ననే మూటలు విప్పింది. పాపకు మెరూన్ రంగుది తీసుకున్నాను. బాబుకు మాత్రం కొలత తెలియక ఆగాను. వాడి చొక్కా ఒకటి పరిచి, భుజం నుంచి మణికట్టు దాకా జానల లెక్కన కొలిచి ఫోను చెయ్యి. ఒక సైజు పెద్దదే తీసుకుంటాను, చేతులు మడిచి వేస్తే రెండు చలికాలాలు వస్తుంది.

మీ
పెద్దమ్మ