టికెట్లు తగ్గించి వీధులు పెట్టుకో

చిన్నీ,

నువ్వు పంపిన సింగపూర్ ప్లాన్ చూశాను. అయిదు రోజులు, రోజుకు మూడేసి టికెట్లు. యూనివర్సల్ స్టూడియోస్, జూ, నైట్ సఫారీ, ఫ్లయర్, కేబుల్ కారు... మనిషి కాస్త కూలబడే సందు లేదు. మీ ఆయన రాత్రులు మేలుకుని చేసినట్టున్నాడు, అతన్నేమీ అనకు. కానీ ఇందులో సింగపూర్ ఏదమ్మా? జెయింట్ వీల్, కేబుల్ కారు ఏ ఊళ్లోనైనా ఎక్కొచ్చు. బాబు కోసం ఒక రోజు యూనివర్సల్ ఉంచు, ఒక సాయంత్రం జంతువులకిచ్చెయ్. మిగతావి కొట్టేసి ఆ చోట వీధుల పేర్లు రాసుకో.

తెలోక్ అయర్ స్ట్రీట్‌తో మొదలుపెట్టు. ఇప్పుడు చుట్టూ ఆఫీసు మేడలే గానీ, సముద్రం పూడ్చకముందు అదే ఒడ్డు. ఓడ దిగినవాళ్లు తమని క్షేమంగా గట్టుకు చేర్చిన దేవుడికి అక్కడే దణ్ణం పెట్టుకునేవాళ్లు. చైనా నుంచి వచ్చినవాళ్లు సముద్రదేవత మాజుకు తియాన్ హొక్ కెంగ్ గుడి కట్టారు. తమిళనాడు నుంచి వెళ్లిన ముస్లింలు అదే వీధిలో నాగూరు దర్గా కట్టుకున్నారు. రెండు కొలువులకీ మొక్కు ఒకటే, ప్రయాణం! అక్కణ్ణించి సౌత్ బ్రిడ్జ్ రోడ్డుకి నడిచే వెళ్లొచ్చు. 1827లో వెలసిన మారియమ్మన్ గుడి అచ్చంగా చైనాటౌన్ నడిబొడ్డున ఉంటుంది, పక్క సందు దాటితే జామే మసీదు. గుడిలోకి వెళ్లినట్టే మసీదులోకీ వెళ్లి చూడొచ్చు, నమాజు వేళలు మాత్రం తప్పించుకో. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకో.

ఇంకో పూట వాటర్లూ స్ట్రీట్‌కి వెళ్లు. కృష్ణుడి గుడి, దానికి ఆనుకున్నట్టుగా చైనీయుల దేవత గ్వాన్ యిన్ గుడి. ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు, ముందు ఓ పక్కన నిలబడి చూడు. గ్వాన్ యిన్ గుడిలోంచి వచ్చిన చైనా ముసలమ్మ మన కృష్ణుడి గుమ్మం ముందున్న ధూపపాత్రలో అగరొత్తులు గుచ్చి, మూడుసార్లు వంగి, కింద పెట్టిన కూరల సంచి ఎత్తుకుని తన దారిన పోతుంది. ఎవరూ వింతగా చూడరు. అదే వీధిలో 1878 నాటి యూదుల ప్రార్థనామందిరం కూడా ఉంది.

అలాగని ఇదంతా మనుషుల మంచితనం ఒక్కటే అనుకోకు. అక్కడ ఎక్కువమంది ఉండేది సర్కారు కట్టిన ఫ్లాట్లలో. ఏ బ్లాకులో ఏ జాతివాళ్లు ఎంతమంది ఉండాలో 1989 నుంచి కోటా ఉంది. ఇరుగుపొరుగుకీ కొలతలేనా అని నాకు ఎబ్బెట్టుగా అనిపించేది, ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడలేదు. కానీ మీ అన్నయ్య అక్కడ ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, వాళ్ల బ్లాకు కింది ఖాళీ జాగాలో ఒక వారం మలయ్‌వాళ్ల పెళ్లి విందు, ఇంకో వారం అదే చోట చైనీయుల కర్మకాండ చూశాక వాదన పెట్టుకోవడం మానేశాను.

మీరు వెళ్లేది ఆగస్టు చివర్లో కదా, చైనీయుల పంచాంగంలో ఏడో నెల తగిలే అవకాశం ఉంది. మనకి మహాలయ పక్షం ఎలాగో వాళ్లకి అది అలాగ. రోడ్డు పక్క గడ్డిలో నారింజలు, అన్నం, కొవ్వొత్తులు పెట్టి కాగితాలు కాలుస్తారు. బాబు తొక్కకుండా చెయ్యి పట్టుకుని నడిపించు. వీధిలో పాటకచేరీ జరుగుతుంటే, ముందువరస కుర్చీలు ఖాళీగా ఉన్నాయి కదా అని మీ అత్తగారిని తీసుకెళ్లి కూర్చోబెట్టేవు! అవి పోయినవాళ్ల కోసం వదిలినవి.

తిండి సంగతి. మూడు పూటలా లిటిల్ ఇండియాకే పరిగెత్తకండి. సెరంగూన్ రోడ్డులో కోమల విలాస్ ఎలాగూ ఉంది, మీ అత్తగారికి మరీ బెంగ పుట్టినప్పుడు వెళ్లొచ్చు. మిగతా రోజులు హాకర్ సెంటర్లలో, అంటే చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట్ల తినండి. ఖాళీ బల్ల మీద టిష్యూ పొట్లం కనిపిస్తే అది మరొకరు పట్టుకున్న చోటు, మనవాళ్ల బస్సు సీటు మీద తువ్వాలు లెక్కన. తిన్నాక ట్రే మనమే తీసుకెళ్లి పెట్టాలి. హలాల్ గిన్నెలకి వేరే అర ఉంటుంది, చూసి పెట్టు. శాకాహారం అడిగేటప్పుడు "మాంసం ఉందా" అంటే సరిపోదు. కూరాకు వేపుడులో కూడా రొయ్యల ముద్ద కలిపేస్తారు. రొయ్యలు, చేపల సాస్, గుడ్డు అని పేరుపేరునా అడుగు. కాయా టోస్ట్ చూడ్డానికి అమాయకంగా ఉంటుంది, ఆ కొబ్బరిపాల జామ్‌లో గుడ్డుంటుంది. నీళ్ల సీసాలు కొనకు, కుళాయి నీళ్లు తాగొచ్చు.

భూమధ్యరేఖ పక్కనే కాబట్టి మిట్టమధ్యాహ్నం ఉక్క పోసేస్తుంది, చెప్పాపెట్టకుండా వాన కొడుతుంది. ఆ రెండు మూడు గంటలు గదిలోనో మ్యూజియంలోనో గడపండి. పొద్దున్నే బొటానిక్ గార్డెన్స్‌కి వెళ్తే పైసా ఖర్చు లేదు, ఆర్కిడ్ల తోటకి మాత్రమే టికెట్. సాయంత్రం గార్డెన్స్ బై ద బేలో ఆ ఇనుప చెట్ల దీపాల ఆట కూడా ఉచితమే. అక్కడి మెట్రో రైలు ఎమ్మార్టీకి బ్యాంకు కార్డే తాకించొచ్చు గానీ, ఒక్కొక్కరికి ఒక్కో కార్డు కావాలి, దిగేటప్పుడూ తాకించాలి.

వీసా పని ఇప్పుడే కానివ్వండి. అది కాక, ప్రయాణానికి మూడు రోజుల్లోపు అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం, డబ్బు అడిగే సైటైతే వెంటనే మూసెయ్.

ఇక సామాన్లు. గసగసాలు అక్కడ మాదకద్రవ్యాల లెక్కలోకి వస్తాయి, ఆ విషయంలో వాళ్లు మొహమాటపడరు. కోడి పచ్చడి కూడా వద్దు. మీ అత్తగారు కూరపొడి పొట్లాలు నీకు చెప్పకుండానే సర్దేస్తారు, నాకు తెలుసు. ఆవిడ నొచ్చుకోకుండా పక్కన కూర్చుని, ఏ పొడిలో ఏం వేశారో అడిగి మరీ పెట్టె మూయి.

మీ పెద్దమ్మ