వరమీయని పూజారి

చట్టసభ ఒప్పుకున్న ఖర్చును పెట్టకుండా ఆపే హక్కు ప్రభుత్వానికున్నదా? ఇది న్యాయవాదుల ప్రశ్న మాత్రమే అయితే నాబోటి తెలుగు మేష్టరుకు ఇందులో పనిలేదు. కాని ఇది ముందుగా నీతికి సంబంధించిన ప్రశ్న.

అమెరికాలో ఈ తగాదా బాహాటంగానే సాగింది. 1972లో నీటి కాలుష్య నివారణ బిల్లును నిక్సన్ వీటో చేశాడు. కాంగ్రెసు ఆ వీటోను తోసిపుచ్చి చట్టం చేసింది. అప్పుడాయన డబ్బు పూర్తిగా విడుదల చెయ్యవద్దన్నాడు. ఓట్లతో ఓడినవాడు తాళంచెవితో గెలవజూశాడన్నమాట. దీన్ని అరికట్టటానికి 1974లో చట్టం వచ్చింది; 1975లో సుప్రీంకోర్టు కూడా ఆ నిలుపుదల చెల్లదన్నది. అయినా 2025 ఆగస్టు చివర ట్రంప్ 490 కోట్ల డాలర్ల విదేశీ సహాయం రద్దు చెయ్యమని కాంగ్రెసుకు రాశాడు. అలా రాస్తే 45 రోజులు డబ్బు ఆపవచ్చు; ఆర్థిక సంవత్సరమేమో సెప్టెంబరు 30తో సరి. సభ ఔనన్నా కాదన్నా కాలెండరు ఔనంటుంది.

మన దగ్గర అంత గొడవ కూడా అక్కరలేదు. సభ అనుమతి లేనిదే సంచిత నిధినుంచి పైసా తియ్యరాదని రాజ్యాంగం 114వ అధికరణం. అనుమతించినదాన్ని ఖర్చుపెట్టి తీరాలని మాత్రం ఎక్కడా లేదు. మార్చి 31 దాటితే మిగిలినది మురిగిపోతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమీయడంటారే, ఇక్కడ పూజారి కాదననవసరం లేదు, ఊరుకుంటే చాలు.

2020 ఏప్రిల్ 6న కేంద్ర మంత్రివర్గం ఎంపీల స్థానికాభివృద్ధి నిధులను రెండేళ్లపాటు నిలిపివేసింది. మొత్తం 7,900 కోట్లు. ఆ ఏటి బడ్జెటును పార్లమెంటు ఆమోదించింది అంతకుముందు నెలలోనే! కరోనా అవసరం నిజమే. ఆ నిధులమీద నాకూ పెద్ద మోజు లేదు. కాని ఒక్కటి గమనించండి: అదే సమయంలో ఎంపీల జీతాల్లో 30 శాతం కోతకు ఆర్డినెన్సు, ఆ తర్వాత చట్టం కావలసివచ్చాయి. పల్లెలో బడిగదికి రావలసిన డబ్బు ఆపటానికి మంత్రివర్గ నిర్ణయమే సరిపోయింది.

పొదుపు తప్పా అని అడిగేవారున్నారు. లక్ష అంచనా వేసిన కల్వర్టు ఎనభైవేలకు పూర్తయితే మిగిలినది పొదుపే. కల్వర్టే కట్టకుండా లక్షా మిగిల్చితే అది కల్వర్టు వద్దనే నిర్ణయం. ఆ నిర్ణయం చేసే హక్కు కల్వర్టు కావాలన్న సభకే ఉండాలి.

విశాఖవాసులకు ఇది కొత్త సంగతి కాదు. 1966 ఉద్యమంలో ఆంధ్రదేశమంతటా 32 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1970 ఏప్రిల్‌లో ఉక్కు కర్మాగారం ఇస్తామని ఇందిరాగాంధీ పార్లమెంటులోనే ప్రకటించింది. 1971 జనవరిలో శంకుస్థాపన. ఆపైన రద్దని ఎవరూ అనలేదు. నిధులు చాలినంత రాలేదు, అంతే. కంపెనీ ఏర్పడింది 1982లో. మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగింది 1990లో. శంకుస్థాపన నాడు పొలం వదులుకోవలసిన ఇంట్లో ఇరవయ్యేళ్ల కుర్రవాడుంటే, కొలిమి వెలిగేనాటికి అతనికి ముప్ఫైతొమ్మిది.