ఆయిలు చాంబరులో దొరికిన ముక్క

తెలియక చేసిన తప్పునకు మనుష్యుడు కొంతవరకు క్షమింపదగినవాడని అందరమును ఒప్పుకొందుము. అయితే తెలిసికొనుటకు వీలుండియు, తెలిసికొనకుండ జాగ్రత్తపడినవాని సంగతి ఏమి? ఇది పండితుల ప్రశ్నవలె కనబడును గాని, మోటారు మరమ్మతు షెడ్డులో దీనికి నేడో రేపో జవాబు చెప్పవలసియుండును.

హైదరాబాదునకు తూర్పున, మూసీ ప్రక్కనున్న నాగోల్‌కు 2017 నవంబరు 29 నుండి మెట్రో రైలు నడుచుచున్నది. అయినను పాత బండ్లు రోడ్డు విడిచి పోలేదు. అట్టి అంబాసిడరు కారొకటి అక్కడి షెడ్డుకు నూనె మార్పించుకొనుటకు వచ్చినదనుకొందము. ఆ కార్ల తయారీ 2014లోనే నిలిచిపోయినది. ఇది పల్లెలకు పెండ్లివారిని, రోగులను మోయుచున్న కిరాయి బండి. డ్రెయిను నట్టు విప్పగా నల్లని నూనెతో కూడ గోరంత లోహపు ముక్క పళ్లెములో పడినది. ఇంజనులో చప్పుడు లేదు, పొగ లేదు. రేపు తెల్లవారుజామున పెండ్లి ప్రయాణము. ఏమి చేయవలెను?

మొదట అది దేని ముక్కయో గుర్తింపవలెను. కిరసనాయిలుతో కడిగి, తుడిచి, అయస్కాంతము దగ్గర పెట్టుడి. అంటుకొనినచో ఇనుము లేక ఉక్కు. పిస్టను రింగో, వాల్వు లాకో, స్ప్రింగు వాషరో కావచ్చును. అంటుకొనక, తెల్లగా తేలికగా నుండినచో అల్యూమినియము. అప్పుడు పిస్టనును అనుమానింపవలెను. రాగి రంగు కనబడినచో బేరింగునో బుష్షునో చూడవలెను. క్రొత్తగా కట్టిన ఇంజనులో కనబడు సన్నని బూడిదరంగు పొడి వేరు, వ్రేళ్లకు చిక్కు ముక్క వేరు.

తరువాత అంచులు. విరిగిన చోటు గరుకుగా మెరయుచుండినచో అది ఇటీవల విరిగియుండును. అంచులు నునుపై మొద్దుబారియుండినచో, పూర్వమెవరో పాడైన భాగమును మార్చి దాని తునకను లోపలనే వదలిరని తలంపవచ్చును. తలంపవచ్చునే గాని, అంతటితో నిశ్చయము కాదు. లెక్క చూచినప్పుడే నిశ్చయము. చాంబరు దింపి, తక్కిన తునకలేరి, కాగితముమీద పేర్చి, వస్తువు పూర్తియగునేమో చూడవలెను. పూర్తి కానిచో మిగిలినది ఇంకను ఇంజనులోనే యుండవచ్చును. లూకా సువార్తలోని స్త్రీ నాణెము పోయినదని ఎట్లు తెలిసికొనెను? తనకు పది యుండెనని ఆమెకు లెక్క తెలియును గనుక.

వాల్వు లాకునే తీసికొందము. వాల్వు కాడను రెండు చిన్న సగములు పట్టుకొనియుండును. ఒకటి విరిగినను బండి కొంత దూరము నడువవచ్చును. పట్టు పూర్తిగా వదలినచో వాల్వు సిలిండరులోనికి జారును, పిస్టను దానిని కొట్టును, ఇంజను అక్కడనే పాడగును. కాబట్టి నడుచుచున్నది గదా యనుట జవాబు కాదు.

అయినను, "ఏదో పాత ముక్కలే" అని దానిని పారవేయుట సులభము. ఇందులో ఎవరును అబద్ధమాడలేదని గమనించుడి. పేరు తెలియని ముక్క ఎవరి మెడకును చుట్టుకొనదు. పేరు తెలిసినచో ఖర్చు, ఆలస్యము, పోయిన కిరాయి. అందుచేత పేరు తెలియకుండుటే మేలని తోచును. ప్రభుత్వము పట్టుకొనునందుమా? ఎనిమిదేండ్లు దాటిన కిరాయి బండికి ఏటేట ఫిట్‌నెసు పరీక్ష కలదు. బ్రేకులు, దీపములు, స్టీరింగు, పొగ చూతురు గాని, ఆయిలు చాంబరు విప్పించి చూడరు. ముక్క సంగతి యజమానునికిని మెకానికునకును మాత్రమే తెలియును.

నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడిచెడి యెద్దును గూర్చిన విధి యున్నది. ఎద్దు మనుష్యుని చంపినను, దాని గుణము ముందు తెలియని యజమానుడు నిర్దోషి. ఎవరైన వచ్చి హెచ్చరించిన తరువాత కట్టివేయనిచో అతడు దోషి. రెండు చోట్లను ఎద్దు చేసిన పని యొక్కటే. పళ్లెములో పడిన ముక్క ఆ హెచ్చరికవంటిదని మా యభిప్రాయము.

1877లో విలియం కింగ్డన్ క్లిఫర్డు అను ఆంగ్లేయ గణితజ్ఞుడు ఒక యోడ యజమానుని ఉదాహరణముగా చెప్పెను. ఓడ పాతదని అనుమానముండియు, ఆ యనుమానమును తానే నోరునొక్కి, జనులను ఎక్కించి పంపెను. అది సముద్రములో మునిగెను. మునుగక క్షేమముగా చేరియుండినను అతని దోషము తగ్గదని క్లిఫర్డు వాదము. ఆయన మన విశ్వాసమునకు స్నేహితుడు కాడు. అయినను ఈ సంగతిలో ఆయన మాట సరియైనదే.

కాని బీదవానికి ఇది బరువే. ప్రతి నలుసునకు ఇంజనంతయు విప్పుమని మేము చెప్పము. కడుగుటకును అయస్కాంతము చూపుటకును గడియసేపు చాలును. చాంబరు దింపుటకు ఒక పూట పట్టవచ్చును. అంతకు మించినది ముక్కను బట్టి యుండును. డబ్బు లేనిచో ఆ పెండ్లి కిరాయి మానుకొని, వారికి వేరు బండి చూచుకొనుమని రాత్రియే కబురంపవచ్చును.

బండి తనది కాని డ్రైవరు స్థితి ఇంకను కష్టము. ముక్కను చూచినవాడతడు, తీయుమని ఆజ్ఞాపించువాడు వేరొకడు, ఇంటిలో పిల్లలు. అట్టివానికి మెకానికు చేయగల సహాయమొకటి కలదు. ఆ ముక్కను కాగితములో చుట్టి, అది దేనిదో బిల్లుమీద వ్రాసి, యజమానుని చేతికే ఇయ్యవచ్చును. గిరాకి పోవునని కొందరు అట్లు వ్రాయరు.