పది నిమిషాలు

మా పిన్నిగారమ్మాయి గ్లాస్గోలో ఫామిలీ డాక్టరు. అక్కడ జబ్బేదైనా ముందు ఆ డాక్టరు గడపే తొక్కాలి, ఫీజు ఉండదు. పోయిన వేసవిలో దాని దగ్గర నెల్లాళ్ళున్నాను. ఏడు దాటాక ఇంటికొచ్చి, బూట్లయినా విప్పకుండా సోఫాలో కూలబడేది.

"మనిషికి పది నిమిషాలేగా, అందరికీ సమానంగా! ఇంత అలసటేమిటే?" అన్నాను.

"ఆ సమానమే నా ప్రాణం తీస్తోందక్కా" అంది.

ఇంతకుముందు అది పనిచేసింది కలవారి పేట. మోకాలి నొప్పితో వచ్చినావిడ మోకాలి సంగతే చెప్పి, తొమ్మిదో నిమిషానికి థాంక్స్ చెప్పి వెళ్ళిపోయేదిట. ఇప్పుడున్నది ఓడల కార్ఖానాలు మూతబడ్డ పేట. యాభై దాటకుండానే షుగరు, బీపీ, ఆయాసం కట్టగట్టుకు వస్తాయి. వాటి వెనకాల ఇంటద్దె బాకీ, మత్తుమందు మరిగిన కొడుకు. అసలు చెప్పాలనుకున్నది, లేచి తలుపు మీద చెయ్యేశాక బయటికొస్తుంది. అప్పటికి పది నిమిషాలూ అయిపోతాయి!

ఇది దాని ఒక్కదాని గోడు కాదు. స్కాట్లండులో 17 లక్షల మందికి పైగా రోగుల వివరాలు చూసి 2012లో తేల్చారు: పేద పేటల్లో ఒకటికి మించిన జబ్బులు పది పదిహేనేళ్ళు ముందే మీదపడుతున్నాయని. వేల్స్‌లో బొగ్గుగని ఊరి డాక్టరు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లోనే రాశాడు, అవసరం ఎక్కువున్నచోటే మంచి వైద్యం తక్కువ దొరుకుతుందని. వైద్యం బజారు సరుకైన కొద్దీ ఈ తలకిందుల న్యాయం ముదురుతుందని కూడా.

ఇద్దరు పిల్లలకీ చెరో రెండు గరిటెలు వడ్డిస్తాం. ఒకడు పొద్దుటినుంచీ తినలేదని తెలిస్తే? వాడికి మూడోది వేస్తాం. గిన్నెలో నిండుగా ఉంటే పేచీ లేదు. లేకపోతే ఎవరి గరిటె తగ్గించాలి? మోకాలావిడ నొప్పి మాత్రం అబద్ధమా?

హైదరాబాదు తిరిగొచ్చాక ఈ ప్రశ్న నా మెడకే చుట్టుకుంది. మా కాలనీ డాక్టరుగారు నాతో అరగంట మాట్లాడతారు. ఏ మాటకామాటే, అందులో సగం నా సీరియల్ గురించే. మా పనిమనిషి బస్తీలో చూపించుకొచ్చింది. "ఏమన్నాడే?" అంటే, "చెప్పనిస్తేగా అమ్మా! బిళ్ళలు రాసిచ్చిండు" అంది.

ఈసారి నాతో తీసుకెళ్ళాను. "ఈవిడకేమిటండీ?" అని ఆయన నన్నడిగారు. నేను మొదలుపెట్టబోతే, "నేను చెప్త గదమ్మా" అంది. దగ్గుతో మొదలెట్టి, రాత్రిళ్ళు నిద్రపట్టకపోవడం, మొగుడి దెబ్బలు, అన్నీ చెప్పింది. నాలుగేళ్ళుగా మా ఇంట్లో చేస్తోంది, నాకందులో సగం తెలియదు.

నా వంతు వచ్చేసరికి బయట జనం పెరిగారు. డాక్టరుగారు బీపీ చూసి, "అవే మాత్రలు వాడండి" అని చీటీ ఇచ్చేశారు. నా కొత్త నవల సంగతి అడగనేలేదు. ఏం దాచను, నాకు మనసు చివుక్కుమంది.