శిథిలదుర్గమున శిశువు, శునకము

ఏమియు నెఱుగనివానికి బంధము లేదనియు, బంధము లేనివాడే ముక్తుడనియు మనలో ననేకులు తలంతురు. పసిబిడ్డ నవ్వును జూచి వీడే జ్ఞాని యనుటయు, జంతువునకు నిన్నటి చింతయు రేపటి భయమును లేవని దాని నదృష్టవంతమైనదిగా నెంచుటయు మనకు పరిపాటి. ఈ తలంపు సత్యమా యని, గోలకొండ వెలికోటలో మా పసివాని నెత్తుకొని, ఇంటికుక్కను వెంట నడిపించుకొనుచు ఫతే దర్వాజా క్రింద నిలిచినప్పుడు నేను గాఢముగా ఆలోచించితిని.

ఏనుగుల తాకిడి నాపుటకై ఇనుపమేకులు బిగించిన ఆ మహాకవాటమును జూచి బిడ్డ కేరింతలు కొట్టెను. కుక్క గడపచెంత మట్టిని వాసన చూచి ముందునకు సాగెను. 1687లో ఎనిమిది నెలల ముట్టడి పిమ్మట, కుతుబ్ షాహీల రాజ్యమును రూపుమాపిన ఔరంగజేబు సేన ఈ ద్వారముననే ప్రవేశించినదని చెప్పుదురు. ఆ సంగతి యెఱిగిన నా మనస్సు మాత్రమే బరువెక్కెను.

ఆ ముట్టడిలోనే యొక కుక్క కథ కలదు. ఒకనాటి రాత్రి మొగలు సైనికులు రహస్యముగా గోడ నెక్కుచుండగా కుక్క మొరిగి కోటవారిని మేల్కొలిపెననియు, కడపటి కుతుబ్ షాహీ సుల్తానైన తానీషా దానికి బంగారు గొలుసును రత్నఖచితమైన పట్టెడను బహూకరించెననియు ఖాఫీఖాను తన చరిత్రలో వ్రాసినాడు. ఆ కుక్కకు సుల్తానెవ్వడో, రాజ్యమేమో తెలియదు. కఱ్ఱ యెత్తినవానిని జూచి పాఱిపోవుచు, పచ్చగడ్డి చూపినవానిని సమీపించుచు నుండు పశువునకును పండితునకును వ్యవహారమున భేదము లేదని శంకరులు అధ్యాసభాష్యమున నిరూపించిరి. కావున భయమును కోరికయు పశువును సైతము కట్టివేసియే యున్నవి. పసివానికి ఆ రెంటి విషయములు కొద్ది, అంతియే. విద్వాంసుడు బాలునివలె నుండవలెనని బృహదారణ్యకము చెప్పుచున్నది, నిజమే. కాని పాండిత్యమును పూర్తిగా గడించిన తరువాతనే యని ముందుగా చెప్పుచున్నది. ఈ క్రమమును విస్మరించి మనము అజ్ఞానమునకే హారతు లిచ్చుచున్నాము.

ఎఱిగియు చలింపని స్థైర్యమునే మెచ్చు నా భక్తి యంతయు తానీషాయెడలనే నిలిచినది. కోట పడిననాడు లంచమునకు లోబడిన సేనాని తలుపు తెఱచెను. తానీషా పక్షమున నిలిచిన సర్దారు అబ్దుర్ రజాక్ లారీ యొడలెల్ల గాయములై పడిపోవువఱకు పోరెను. తన్ను బంధింప వచ్చిన మొగలు సర్దారులను తానీషా మర్యాదతో నాదరించి, భోజనవేళ యైనదని నిశ్చింతగా విస్తరిముందు కూర్చుండెనట. భోగలాలసుని మాంద్యమది యని కొందఱందురు. మందుడైనవాడు ఎనిమిది నెలలు ఔరంగజేబు నెదిరించి నిలువగలడా? పోయినదేమియో ఆ యుదయమున ఆతనికంటె నెక్కువగా నెఱిగినవాడు లేడు. అట్లెఱిగియు చేయి వణకక ముద్ద నోటి కెత్తుకొనుటయే వైరాగ్యమని నా దృఢవిశ్వాసము.

కనుక బిడ్డలు చిరకాలము ఏమియు నెఱుగకయే యుండవలెనని దీవింపకుడు. నడక వచ్చినంతనే కోటలకు గొనిపొండు. ఎవరు కట్టిరో, ఎవరు కూల్చిరో, ఎవరు అమ్ముకొనిరో దాపక చెప్పుడు. ఇదియు చెప్పుడు: తానీషా తన శేషజీవితమును దౌలతాబాదు దుర్గమున బందీగా గడపి, సమీపముననున్న ఖుల్దాబాదులో సమాధి చేయబడెను. ఔరంగజేబు సమాధియు నా యూరనే యున్నది.